గాంధారం దగ్గర ఆగే నీళ్ళు

జగ్గయ్యపేటలో ఉమాకాంతంగారి పెరటి బావి దగ్గర ఎండాకాలం పొద్దున్నే బిందెలు బారులు తీరేవి. ఆయన కాఫీ తాగి, గట్టు మీద హార్మోనియం పెట్టుకుని స్వరాలు వాయిస్తే నీళ్ళు బావి లోపలి ఒరలు ఒక్కొక్కటే ఎక్కి పైకొచ్చేవి. ఆడవాళ్ళు పొట్టి చేంతాళ్ళతో తోడుకుని, కాసేపు కబుర్లాడుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అసలే మెట్ట, పైగా సున్నపురాయి నేల. పిలవందే నీళ్ళు రావని అక్కడ అందరికీ తెలుసు. అయితే అవి ఏనాడూ అంచుదాకా రాలేదు. గాంధారం దగ్గర కాస్త తటపటాయించి ఆగిపోయేవి. ఆ బావి తీరే అంతని సరిపెట్టుకున్నారు.

ఉమాకాంతంగారు నాటకాల హార్మోనిస్టు. వేదాద్రి నుంచి వీరులపాడు దాకా ఎక్కడ పద్యనాటకం వేసినా పెట్టె ఆయనదే. కృష్ణుడి వేషగాడు ఎంత పేరున్నవాడైనా ఆయన మెట్టు నొక్కిన చోటికి రావాల్సిందే. ఇంట్లోనూ అదే కొలత. పెద్దకూతురు రాజరాజేశ్వరి తొమ్మిదో ఏట మోహన పాడుతుంటే ఆపి, "గాంధారం దిగిపోతోంది. నీకు చెవి లేదే," అన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాటి నుంచి పాఠం చెల్లెలికి మొదలైంది. రాజేశ్వరి మళ్ళీ ఆ ఇంట్లో కూనిరాగమైనా తీయలేదు. ఊరుకోవడం అలవాటైంది గానీ బాధ అలవాటు కాలేదు.

ఇరవై నాలుగేళ్ళొచ్చాక, బెజవాడ సంగీత కళాశాలలో చేరతానని ధైర్యం చేసి అడిగింది.

"అక్కడ మొదటిరోజే పాడమంటారు. నువ్వు ఏడుస్తూ తిరిగిరావడం నేను చూళ్ళేనమ్మా," అన్నారాయన. ప్రేమగానే అన్నారు.

అది డెబ్భై ఎనిమిది. ఆ మాఘంలో మేనమామ కుటుంబరావు నందిగామ నుంచి బస్సు టాపు మీద ఓ పెట్టె వేసుకుని దిగాడు. నందిగామలో ఆయనకి రేడియో రిపేరు షాపు. పెట్టెకి కుడివైపు నిలువుగా ఓ కడ్డీ, ఎడమవైపు వంచిన రాగి తీగ ఉన్నాయి.

"దీన్ని థెరమిన్ అంటారే. పత్రికలో బొమ్మ చూసి చేసా," అన్నాడు. "రెండు రేడియోలు పక్కపక్కన పెడితే కూ అని కూతపెడతాయి చూడు, ఆ కూతే ఇది. దేన్నీ ముట్టుకోకూడదు. కుడిచెయ్యి కడ్డీ దగ్గరికి తెస్తే స్వరం ఎక్కుతుంది, దూరం జరిపితే దిగుతుంది. ఎడంచెయ్యి తీగ మీదకి దించితే సౌండు తగ్గుతుంది."

"మరి స ఎక్కడుంది మావయ్యా?"

"అదే వచ్చిన చిక్కు. మెట్లూ లేవు, మీటే తీగా లేదు. చెవే చెప్పాలి. నేను వాయిస్తే షాపు ముందు కుక్కలు చేరుతున్నాయి. నువ్వు తీసుకో."

"నాకు చెవి లేదుగా."

"మీ నాన్న చెప్పాడా? పోన్లే, ఇది కూడా ఓ మాట చెప్పనీ."

శివరాత్రి నాటకాలకి ఉమాకాంతంగారు ఊళ్ళు తిరుగుతుంటే, తల్లి లలితాంబ పుట్టింటి నుంచి తెచ్చుకున్న తంబురాని గోడ మీంచి దించి దుమ్ము దులిపింది. ఆవిడ దూరంగా కూర్చుని మీటేది, కూతురు గాలిలో చెయ్యి పెట్టి స కోసం వెతికేది. ఊపిరి గట్టిగా పీల్చినా స్వరం జరిగేది. సాయంత్రాలు లో వోల్టేజీ వస్తే దానంతటదే జారేది. చాన్నాళ్ళు స, ప తప్ప ఇంకోటి పట్టలేదు. తంబురా నాదానికి తన నాదం దగ్గరయ్యే కొద్దీ రెండింటి మధ్యా ఒక వణుకు వినిపించేది. చెయ్యి సవరిస్తే ఆ వణుకు నెమ్మదించి, నెమ్మదించి, ఆగిపోయేది. ఆ ఆగడం ఒకసారి విన్నాక ఇంకేదీ సహించలేకపోయింది.

ఓ మధ్యాహ్నం, "అమ్మా, నువ్వు మీటని స్వరమొకటి మోగుతోంది," అంది.

"గాంధారమే. తంబురా శ్రుతి కుదిరితే దానంతటదే పలుకుతుంది. మీ నాన్నగారి పెట్టె హోరులో ఎవరు వింటారు?" అంది లలితాంబ.

రాజేశ్వరి చెయ్యి అక్కడికి చేర్చింది. వణుకు ఆగింది. అది హార్మోనియం మెట్టు కన్నా వెంట్రుకవాసి కిందే ఉంది. తన గొంతు చిన్నప్పుడు దానంతటదే వెళ్ళిన చోటు అదేనని గుర్తుపట్టి, ఆ పూట అన్నం కూడా తినకుండా ఏడ్చింది.

వైశాఖం వచ్చేసరికి బావి బాగా అడుగంటింది. ఉమాకాంతంగారు ఎంత వాయించినా నీళ్ళు సగానికొచ్చి నిలబడిపోయాయి.

"తాడు అందట్లేదండి పంతులుగారూ," అంది పొరుగింటి సీతారావమ్మ.

రాజేశ్వరి ఇంట్లోంచి కరెంటు వైరు లాగి, థెరమిన్ పెట్టెని బావి పక్కన స్టూలు మీద పెట్టింది. లలితాంబ తంబురాతో వచ్చి గడపలో కూర్చుంది.

"ఏంటది? లోపల పెట్టు. నలుగురిలో నవ్వులపాలవుతావు," అన్నారాయన.

"ఒక్కసారి వినండి నాన్నగారూ." కుడిచెయ్యి కడ్డీ వైపు చాచింది.

స పట్టింది, రి పట్టింది. నీళ్ళు కదిలి పైకి ఎక్కాయి. గాంధారానికి వచ్చేసరికి ఆయన వేలు అలవాటు చొప్పున మెట్టు మీద పడింది. రెండు గాంధారాలూ ఒరుసుకున్నాయి, నీళ్ళు ఉన్నచోటే వణుకుతూ ఆగాయి.

"దిగిపోతోందే. కాస్త ఎక్కించు."

"ఎక్కించనండి. మీరు వేలు తియ్యండి."

ఆ ఇంట్లో ఆయనతో అలా ఎవరూ మాట్లాడలేదు. బిందెలవాళ్ళు ఎటో చూశారు. ఆయన వేలు తీశారు.

నీళ్ళు అంచుదాకా వచ్చి, గట్టు దాటి, ఆయన పంచె తడిపాయి. ఆడవాళ్ళు తాళ్ళు పక్కన పడేసి బిందెలు ముంచుకున్నారు. "రెండో బిందె తెచ్చుకుంటా, అలాగే పట్టు అమ్మాయ్," అని సీతారావమ్మ ఇంటికి పరుగెత్తింది.

అందరూ వెళ్ళాక కూడా ఆయన తడి పంచెతో అక్కడే కూర్చున్నారు.

"ఈ గాంధారం ఎక్కడ నేర్చావే?"

"నేర్చుకోలేదు నాన్నగారూ. చిన్నప్పుడు మీరు దిగిపోతోందన్నది ఇదే."

ఆయన భార్య వైపు తిరిగి మీటమన్నారు. కళ్ళు మూసుకుని గాంధారం పాడారు. అది అలవాటు కొద్దీ పైకే పోయింది. ఆగి, విని, మెల్లగా దించుకున్నారు. దిగాక చాలాసేపు అక్కడే ఉన్నారు.

"పదిహేనేళ్ళు," అన్నారు చివరికి, ఎవరితోనో చెప్పినట్టు. పంచె పిండుకుంటూ లేచారు.

"సోమవారం మొదటి బస్సుకి బెజవాడ వెళ్దాం, నేనూ వస్తా. అక్కడ పాడమన్నప్పుడు శ్రుతికి హార్మోనియం తెస్తారు. వద్దని చెప్పు."