ముప్పై అయిదు గీతలు

నాగూర్ వలి శవం పలకల గనిలో నిలిచిన నీళ్లలో దొరికింది శుక్రవారం పొద్దున. జారిపడ్డాడని పోలీసులు రాసుకున్నారు. జారలేదని అతని అన్న నిజాముద్దీన్‌కు తెలుసు. ఆయన మార్కాపురంలో చిన్నబడి మాస్టరు.

అది 1958, రాష్ట్రం పేరు మారిన రెండో ఏడు. నాగూర్ వలి పలకలు కోసే పనివాడు. భార్య కాన్పులో పోయాక మాట తగ్గించాడు, తిండి తగ్గించాడు, చివరికి పనికి పోవడమూ మానేశాడు. గుంటూరులో మనసు జబ్బులకు డాక్టరున్నాడని విని నిజాముద్దీన్ బస్సుకు సిద్ధమయ్యాడు. మసీదు పెద్ద కాలేషా సాహెబ్ అడ్డుపడ్డాడు. ముందు నలభై రోజులు అయిదు పూటలా నమాజు చేయమనండి, అప్పటికీ దిగులు పోకపోతే డాక్టరు సంగతి చూద్దాం అన్నాడు. ఊళ్లో ఆయన మాట దాటినవాళ్లు లేరు. నిజాముద్దీన్ కూడా దాటలేదు.

కాలేషా సాహెబ్‌కు ఒక పద్ధతి ఉండేది. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకునే తొట్టి పక్క గోడకు పెద్ద నల్లపలక బిగించి, దాని మీద పేర్లు రాయించాడు. వచ్చినవాడు వచ్చిన పూటకు తన పేరు ఎదుట బలపంతో ఒక గీత గీసుకోవాలి. వారానికి ముప్పై అయిదు. శుక్రవారం జుమ్మా నమాజుకు ముందు ఆ లెక్క పైకి చదివి, తడిగుడ్డతో గీతలు తుడిచేవాడు. గీతలు ఎక్కువున్నవాడికి మనశ్శాంతి ఎక్కువని ఆయన నమ్మకం. తక్కువున్నవాడు దిగులుగా కనిపిస్తే కారణం వెతికే పని ఉండేది కాదు.

ఆ శుక్రవారం కూడా చదివాడు. నాగూర్ వలి శవం బయట పందిరి కింద ఉంది.

"నాగూర్ వలి, తొమ్మిది. అల్లాను మరిచినోడికి మనసు ఏడ నిలుస్తాది?"

నిజాముద్దీన్ తలెత్తి చూశాడు. పలక మీద తొమ్మిదే ఉన్నాయి. ఆ నలభై రోజులూ అయిదు పూటలా, ఆ తెల్లవారుజాము నమాజు దాకా, తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది తనే. చూసినవాళ్లు నలుగురైనా ఉన్నారు. వాళ్లు లేచి వరుసలు సర్దుకున్నారు.

ఆ వారమంతా పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు తల్లి జహరాబీ దగ్గర అదే మాట అన్నారు. "నా కొడుకు అల్లాను మరిచి, దీన్ లేనోడై పోయినాడా నాయనా?" అని ఆమె అడిగింది. నిజాముద్దీన్ బడికి పోయాడు. పిల్లల పలకలు దిద్దుతుంటే ఒకచోట ఆయన చెయ్యి ఆగింది. బలపం నొక్కి రాసే పిల్లల పలక ఎంత తుడిచినా అక్షరం గాడి పోదు. తమ్ముడిది ఉలి పట్టిన చెయ్యి, మెల్లగా గీయడం దానికి రాదు.

మరుసటి శుక్రవారం ఆయన బడి సుద్దముక్క ఒకటి పొడి చేసి జేబులో వేసుకున్నాడు. కాలేషా సాహెబ్ లెక్క చదవబోతుండగా ఎవరినీ అడగకుండా పలక దగ్గరికి నడిచాడు. తమ్ముడి పేరు ఎదుట ఖాళీ వరుస మీద సుద్దపొడి రుద్ది, అరచేత్తో తుడిచాడు. పైపొడి రాలిపోయింది. గాడుల్లోది నిలిచింది. వారం వారం అదే చోట పడి లోతుగా దిగిన గీతలు తెల్లగా లేచాయి. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటీ ముప్పై అయిదు దాకా లెక్కపెట్టాడు.

"మా బళ్లో అయితే నూటికి నూరు ఏస్తాం సాహెబ్. మీరు తొమ్మిది ఏసినారు. ఇప్పుడు చెప్పండి, నా తమ్మునికి ఏం తక్కువైంది?"

కాలేషా సాహెబ్ తడిగుడ్డ కింద పెట్టాడు. నిండా గీతలున్నవాడు అట్లా పోయాడంటే రేపటి నుంచి మసీదుకు ఎవరొస్తారని భయపడి తుడిచానని, తొమ్మిదే ఉంచానని మెల్లగా ఒప్పుకున్నాడు. నిజాముద్దీన్ ఆ మాట వెనక వరుసలకూ వినిపించేలా ఇంకోసారి చెప్పించాడు. అప్పుడు గాని పక్కకు జరగలేదు.

ఆ తర్వాత పలక దించేశారు. కాలేషా సాహెబ్‌కు నిద్ర పట్టడం లేదని విన్న రోజు నిజాముద్దీన్ చాలా కాలం తర్వాత కడుపునిండా తిన్నాడు.

నలభయ్యో రోజు, పోయినవాడి పేర చదివించే ఫాతెహాకు కాలేషా సాహెబ్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "గుంటూరు పోనీకుండా ఆపింది నేనే. మాఫ్ చెయ్యి మాస్టరూ" అన్నాడు. జహరాబీ లోపలి నుంచి కొడుకు వైపు చూసింది. "అడిగినాడు గదా, ఇచ్చెయ్యి నాయనా" అంది.

నిజాముద్దీన్ కుర్చీ వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. గుంటూరు పోకుండా ఆగమన్న మనిషి ఈయన. ఆగిన మనిషి తాను.

ఇప్పటికి మూడేళ్లయింది. మాఫ్ చేశానని నిజాముద్దీన్ ఇంకా చెప్పలేదు.