కుప్పం నలుపు

పదకొండో అచ్చు తీసేసరికి మునీశ్వరి భుజం ఇక నా వల్ల కాదంది. ప్రెస్సు చక్రం ఇనుపది. పొద్దుటి నుంచి కరెంటు లేదు, ఫ్యాను లేదు. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన ఒకప్పుడు పట్టు తీసిన రేకుల షెడ్డు అది. మధ్యాహ్నానికి పెనంలా కాలుతోంది. ఇంకా పద్నాలుగు అచ్చులు తీయాలి. ఆదివారం బెంగళూరులో ప్రదర్శన. స్టూడియోకి ముప్పై ఏళ్లు నిండాయి మరి.

బొమ్మలు అచ్చు తీసే ఈ స్టూడియో పెట్టిన చిత్రకారుడు సిద్దప్ప సారు పోయి ఏడాదైంది. ప్రెస్సు మీదున్నది ఆయన బొమ్మ గీసి చేసిన ఆఖరి రేకు ప్లేటు. ఇప్పుడు కొడుకు అరుణ్ కుమార్ చూసుకుంటున్నాడు. స్టూడియో చరిత్ర పుస్తకం రాస్తున్న సుష్మ కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కలికిరి పిల్ల, బెంగళూరులో చిత్రకళ పాఠాలు చెబుతుంది.

"అక్కా, కాఫీ తాగినంక రెండు చేతులా లాగల్ల. టైము లేదు," అన్నాడు అరుణ్.

"నీ నోటికి తాళమేసి, ఆ కాగితాలు తడుపుప్పా ముందు."

సుష్మ నవ్వింది. "ఈ పేజీ వినండమ్మా, తప్పులుంటే చెప్పండి," అని చదవడం మొదలుపెట్టింది.

"'సుదీర్ఘ ప్రయోగాల అనంతరం సిద్దప్ప, గ్రానైటు పాలిషు చేసే గరుకు పొడిని జిగురుతో రేకుకు అతికించి, అంతవరకు తమకు చిక్కని గాఢమైన నలుపును సాధించారు. ఆ కుప్పం నలుపును నేర్చుకోవడానికి ఎక్కడెక్కడి చిత్రకారులో మదనపల్లె వచ్చారు.'"

సిరా గుడ్డ మునీశ్వరి చేతిలోనే ఆగిపోయింది.

ఆ నలుపు పుట్టిననాటికి ఆమె స్టూడియోలో ఊడ్చేది. రోజుకి పాతిక రూపాయలు. భర్త రెడ్డెప్ప కుప్పం దగ్గర రాళ్ల పాలిషు షెడ్డులో పనిచేసేవాడు. ప్రెస్సుకు పట్టిన తుప్పు రుద్దడానికి ఆ షెడ్డు పొడి ఓ కవర్లో కట్టుకొచ్చింది. పక్కనే సారు జిగురు పూసి ఆరబెట్టిన రేకు. కవరు చినిగి పొడంతా దాని మీద ఒలికిపోయింది. కడిగితే పోలేదు. భయంతో, సారు భోజనానికి వెళ్లినప్పుడు, ఏమాత్రం చెడిందో చూద్దామని తానే సిరా పూసి, తుడిచి, అచ్చు తీసింది. వానలో తడిసిన ఎనుము వీపులా నిగనిగలాడే నలుపు వచ్చింది. సారు తిరిగొచ్చి ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు.

"ఈ సంగతి ఎవురికీ చెప్పొద్దు మునీశ్వరీ, మన స్టూడియో గుట్టు ఇది," అన్నాడు.

ఆమె చెప్పలేదు. ఆ నలుపు ఎట్లా చెయ్యాలో మాత్రం వచ్చినవాళ్లందరికీ సారు నేర్పుతూనే ఉన్నాడు. మరి దాచమన్నదేమిటో ఆమెకు ఈ పేజీ వినేదాకా తట్టలేదు.

జరిగిందంతా సుష్మకు చెప్పింది. "ఇంతకీ నా పేరు యాడన్నా ఉండాదా అమ్మా?"

"చివర్లో, ధన్యవాదాల్లో..." సుష్మ గొంతు తగ్గింది. "సహాయకురాలు అని."

"వంట చేసే అమరావతి?"

"ఆమె పేరు కూడా ఆ వరుసలోనే ఉంది."

అరుణ్ అందుకున్నాడు. "పేరుదేముందక్కా. నాయన నిన్ను కూతురి మాదిరి చూసుకున్యాడు."

"కూతురైతే షెడ్డులో నా వాటా యాడప్పా?"

అరుణ్ ముఖం ఎర్రబడింది. "సాయంత్రానికి పుస్తకం అచ్చుకి పోవల్ల. ఇప్పుడు మారిస్తే నాయన పరువేం గావల్ల?"

"మీ నాయన బొమ్మలు మీ నాయనవే. ఆ గీత నేను గీయలేను, గీసినానని యాల చెప్తా? నలుపు మాత్రం నాది. నాదీ, మా ఇంటాయనదీ. ఆ రాళ్ల షెడ్డు దుమ్ములోనే దగ్గి దగ్గి నలభై రెండేండ్లకే పోయినాడు. పుస్తకంలో ఆ పొడి దానంతట అదే నడిసొచ్చినట్టుండాది."

"నీకు సేతగాకుంటే చెప్పు. శాంతిపురం నించి ఇంకొకర్ని పిలుస్తా."

"పిల్సు. సిరా ఎంత తుడవాల, ఎంత వదలాల అని నా అరసేతిని అడిగి నేర్సుకోమను."

అన్నదే కానీ పని ఆపలేదు. పన్నెండో అచ్చుకి సిరా పూసింది, అరచేత్తో తుడిచింది, తడి కాగితం పరిచి దాని మీద మందపాటి ఫెల్టు గుడ్డ కప్పింది. చక్రం మీద చెయ్యి వేసి, తీసేసింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆ గరుకులో సిరా ఆరిందంటే మళ్లీ ఊడి రాదు. ఈ వేడికి సాయంత్రానికి ప్లేటు చచ్చినట్టే. అది ఆ షెడ్డులో ఉన్న ముగ్గురికీ తెలుసు.

"తిప్పక్కా!"

"జరిగింది ఆ యమ్మను రాయనీప్పా. రాసి, సదివి ఇనిపిస్తే తిప్పుతా."

అరుణ్ విసురుగా వచ్చి చక్రం పట్టుకున్నాడు.

"తిప్పు, ఎవురొద్దన్యారు?" అంది మునీశ్వరి, కదలకుండా. "ప్రెస్సు బిగువు ఎంతుండల్లో తెల్సు గదా? మీ నాయన ఆఖరి ప్లేటు. నలిగితే నలిగిందే."

అతని చేతులు చక్రం మీదే ఉండిపోయాయి. సుష్మ పేజీ పైకి జరిపింది. 'సుదీర్ఘ ప్రయోగాల' ముందు కర్సరు గీత మిణుకుమిణుకుమంటోంది. చెరిపే మీట మీద వేలు ఆపి, ఆమె అరుణ్ వైపు చూసింది.

ఫెల్టు కింద నుంచి బయటికొచ్చిన తడి కాగితం అంచు, ఎండకి మెల్లగా పైకి లేస్తోంది.