చిటికెడు పొడి

కెరిన్ పుట్టింట్లో ఎప్పుడూ చెప్పుకునే కథ ఒకటుంది. క్రిస్మస్ భోజనం దగ్గర ఎవరైనా కదిపితే చాలు, తాత ఫోర్కు పక్కన పెట్టి మొదలెట్టేవాడు. ఆయన చిన్నతనంలో ఈ సముద్రతీరపు నేలల్లో గడ్డి మోకాలి ఎత్తు పెరిగేదట. ఆ గడ్డి మధ్యలోనే గొర్రెలు చిక్కి శల్యమై చచ్చిపోయేవట. మేస్తూనే ఎండిపోయేవి, ఉన్ని రాలిపోయేది, నాలుగడుగులు వేస్తే తూలి పడేవి. ఉప్పుగాలి వల్లని కొందరు, మంద జాతే మంచిది కాదని కొందరు అనేవారు. చివరికి తేలిందేమిటంటే, ఈ మట్టిలో కోబాల్టు అనే ఖనిజం లేదు. అది చిటికెడు పట్టించారు. లేవలేని గొర్రెలు కొన్ని వారాల్లో కంచె దూకాయి. ఆ మాట దగ్గర తాత తన చిటికెనవేలి గోరు చూపించేవాడు. "ఇదిగో, ఇంతే లోటు. ఇంత లోటుకి మా నాన్న సగం మందని పాతిపెట్టాడు."

ఆ గోరు కెరిన్ బుర్రలో అలాగే నిలిచిపోయింది.

అందుకే నాలుగేళ్ల కూతురు నెల్‌ని అడిలైడ్ తీసుకెళ్లినప్పుడు, అక్కడి డాక్టరమ్మ అంత నిదానంగా చెప్పిన మాట ఒక్కటీ ఆమెకి ఎక్కలేదు. ఆటిజం అందావిడ. మందు వేస్తే పోయే జబ్బు కాదు, పిల్ల తీరే అది, ఆ తీరు మనం నేర్చుకోవాలి, సాయం చేసేవాళ్లున్నారు అంది. కెరిన్ బుద్ధిగా తల ఊపింది. ఊపిందే గానీ ఆమె మనసంతా తాత చూపించిన చిటికెనవేలి గోరు మీదే ఉంది. గడ్డి పుష్కలంగా ఉండి గొర్రె ఎండిపోతోందంటే మట్టిలో ఏదో లేదు. ఇంట్లో అన్నీ ఉండి పిల్ల మాట్లాడటం లేదంటే పిల్లలో ఏదో లేదు. గొర్రెల ఇంట్లో పుట్టి, గొర్రెల ఇంటికే కోడలిగా వచ్చిన మనిషి ఇంకెలా ఆలోచిస్తుంది, చెప్పండి.

ఇక చదవడం మొదలుపెట్టింది. నెల్ బడి గేటు దగ్గర ట్రక్కులో కూర్చుని చదివింది. ఉన్ని కత్తిరించేవాళ్లు టీకి ఆగితే ఆ పావుగంటా చదివింది. జింకు, మెగ్నీషియం, బి విటమిన్లు, చేపనూనె, పేగుల్లో సూక్ష్మజీవులు, పాలలో ఒక మాంసకృత్తు, గోధుమలో ఇంకొకటి. ప్రతి సిద్ధాంతానికీ ఒక డబ్బా ఉంది, ప్రతి డబ్బా మీదా పళ్లన్నీ కనబడేలా నవ్వే పిల్ల బొమ్మ ఉంది. ఎవరో చెప్పగా నెల్ మెడ వెనక నుంచి చిన్న జుట్టు కుచ్చు కత్తిరించి పరీక్షకి పంపింది. ఉన్ని నాణ్యత చూడటానికి గొర్రె డొక్క మీంచి కుచ్చు తీసి పంపుతారే, అచ్చం అలాగే కవరులో పెట్టి. తిరిగొచ్చిన కాగితం నిండా ఎర్రగీతలే. ఇది తక్కువ, అది ఎక్కువ. ఇంకో తల్లయితే ఆ ఎరుపు చూసి హడలిపోయేది. కెరిన్ సంతోషంతో ఏడ్చింది. దొరికింది కదా లోటు.

ఆ కాగితం ఎలా చదవాలో నేర్పింది ట్రూడీ. బోర్డర్‌టౌన్ అవతల ఉంటుంది, ఇలాంటి తల్లుల కోసం ఫోన్‌లో ఒక గ్రూపు నడుపుతుంది. ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు గానీ, ప్రతి గురువారం మధ్యాహ్నం ఫోన్ మాత్రం తప్పేది కాదు. ట్రూడీ కొడుకు డెక్లన్‌కి ఆరేళ్లొచ్చినా మూడే మాటలుండేవట. పాలూ గోధుమా మాన్పించి, పొడులు పట్టిస్తే, పదకొండో నెలలో వంటింట్లోకి వచ్చి "ఈరోజు భోజనానికి ఏంటమ్మా?" అన్నాడట. ఆ కథ కెరిన్ ఎన్నిసార్లు విన్నా మళ్లీ చెప్పమనేది. సూపు గిన్నె ముందు చెంచా పట్టుకుని కూర్చున్న డెక్లన్ ఫోటో ఆమె వంటింటి ఫ్రిజ్ మీద అంటించి ఉండేది. సొంత అన్న పిల్లల ఫోటో కూడా అక్కడ లేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

నెల్ తిండి అంటే ఐదు రకాలు. అంచులు కోసేసిన తెల్ల బ్రెడ్ టోస్టు, వెజిమైట్ అనే ఉప్పటి నల్ల ముద్ద పలచగా పూసి. నీలం గిన్నెలో అమ్మ చేసిన కస్టర్డ్. మెదిపిన బంగాళాదుంప. తొక్క తీసిన ఆకుపచ్చ ఆపిల్. శనివారం ఊళ్లో కొన్న వేడి చిప్స్. అంతే. ఆరో రకం బల్ల మీదకి వస్తే బల్ల కింద దూరేది. కానీ ఆ ఐదూ ఇష్టంగా తినేది, బొద్దుగా ఉండేది. కస్టర్డ్ అయిపోయాక గిన్నెని బుగ్గకి ఆనించుకుని "నీలం" అనేది. ఆ పిల్లకి ఉన్న పాతిక మాటల్లో అదొకటి. మాట పక్కన మాట పెట్టడం మాత్రం ఎన్నడూ లేదు.

పాలూ గోధుమా మానాలి కాబట్టి టోస్టూ కస్టర్డూ పోయాయి. బియ్యం నుంచి తీసిన పాలతో కస్టర్డ్ చేసి అదే నీలం గిన్నెలో పెట్టింది కెరిన్. నెల్ గిన్నెని చూసింది, లోపల ఉన్నదాన్ని చూసింది, లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గిన్నె ముట్టుకోలేదు. మొదట్లో కష్టంగానే ఉంటుంది, పట్టు వదలొద్దు బంగారం అంది ట్రూడీ. పొడులు నోట్లో పోయబోతే నెల్ పళ్లు బిగించేది. అయితే తినే దాంట్లోనే కలిపెయ్, పిల్లకేం తెలుస్తుంది అంది ట్రూడీ.

భర్త గ్లెన్ మాటలు పొదుపుగా వాడే మనిషి. ఆ రోజు మాత్రం కెరిన్ బంగాళాదుంపలో పొడి కలుపుతుంటే గుమ్మంలో నిలబడి చూశాడు.

"పెంపుడు గొర్రెపిల్లకి నులిపురుగుల మందు పాలసీసాలో కలుపుతామా మనం?"

"ఇదేమైనా నులిపురుగుల మందా?"

"వేరే గొట్టంతో పోస్తాం. ఎందుకు? సీసాలో కలిపితే మళ్లీ మన చేతి సీసా ముట్టదు కాబట్టి."

"అది గొర్రె, ఇది నా కూతురు. నువ్వెళ్లి కంచె చూసుకో పో" అంది కెరిన్. చిత్రం చూడండి, ఖనిజాల దగ్గర కూతురు గొర్రెలాంటిదే, సీసా దగ్గరికి వచ్చేసరికి కాదు.

నెల్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది. ఆగిపోయింది. జింకు రుచి తుప్పు పట్టిన మేకు నాకినట్టుంటుంది, ఎంత ఉప్పు వేసినా దాగదు. నెల్ మామూలుగా ఎవరి మొహంలోకీ సూటిగా చూడదు. ఆ రోజు చూసింది. చెంచాతో పళ్లెం చూపించి "ఏంటి?" అంది.

"ఏం లేదమ్మా. ఉట్టి దుంపే. ఏం కలపలేదు" అంది కెరిన్.

నెల్ నోట్లోది మింగింది. అమ్మ చెప్పింది కదా మరి. రెండో చెంచా కూడా తింది. మూడోది నోటిదాకా తెచ్చి కింద పెట్టేసింది. మర్నాడు దుంప ముట్టలేదు. ఆ తర్వాతెప్పుడూ ముట్టలేదు. వారం తిరక్కుండా, పొడి అద్దిన ఆపిల్ ముక్కలకీ అదే గతి పట్టింది. ఇక మిగిలింది చిప్స్. అవి కూడా ఊళ్లో కొట్టువాడు కాగితంలో చుట్టి ఇచ్చినవే, ఆ కాగితం నెల్ స్వయంగా చింపాలి. కెరిన్ పళ్లెంలో పోసి పెడితే తినదు. ఐదు నెలల్లో పిల్ల నడుముకి ఏ లాగూ నిలవలేదు. మౌంట్ గాంబియర్‌లో తిండి సమస్యలు చూసే ఆవిడ బరువు చూసి మొహం గంభీరంగా పెట్టి, ఇలాగే పోతే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సొస్తుంది అంది. కెరిన్ ఇంటికొచ్చి ట్రూడీకి ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. పదకొండో నెల దాకా ఓపిక పట్టు బంగారం, మావాడూ ఇంతే చేశాడు అంది ట్రూడీ. కెరిన్ ఓపిక పట్టింది.

అక్టోబరులో నారకూర్ట్ షో, ఏటా జరిగే పశువుల ప్రదర్శన. గ్లెన్ పొట్టేలు పోటీలో ఉంది. జనం హోరుకి నెల్ చెవులకి మూతలు పెట్టుకుని ట్రక్కులో నాన్న పక్కన కూర్చుంది. కెరిన్ నీళ్ల కోసం పైన్ చెట్ల కింద ఆపిన కార్ల మధ్య నుంచి వెళ్తుంటే, ఒక కారు వెనక తలుపు తెరిచి ఉంది. ఎవరో పెద్దావిడ లోపలి పిల్లాడితో మాట్లాడుతోంది. ఆ గొంతు వినబడగానే కెరిన్ కాళ్లు ఆగిపోయాయి. వారం వారం విన్న గొంతు. పరుగెత్తుకెళ్లి కావలించుకోవాలనిపించింది.

రెండడుగులు వేసింది. ట్రూడీ ఒడిలో తెల్ల బ్రెడ్ ముక్క ఉంది. దానికి వెన్న రాసి, జేబుకత్తితో అంచులు కోసేస్తోంది. ఎంత ఓపిగ్గా, ఎంత సూటిగా కోస్తోందంటే, అలా కోయడం ఎన్నేళ్ల అలవాటో చూస్తేనే తెలుస్తోంది. పన్నెండేళ్ల డెక్లన్ చెవులకి మూతలు పెట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ చెయ్యి చాపాడు. మాట లేదు. ట్రూడీ ముక్క చేతిలో పెట్టింది. వాడు హాయిగా తిన్నాడు.

"ట్రూడీ" అంది కెరిన్. "నేను కెరిన్‌ని."

ట్రూడీ కత్తి మూసింది. 

"గోధుమ బ్రెడ్డే కదా అది?"

"రెండేళ్లయింది బంగారం, ఆ పథ్యం, పొడులు అన్నీ మానేసి" అంది ట్రూడీ. "వీడు ఎండిపోయాడు. ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చింది."

"మాటలు?"

"మూడు. అప్పుడూ మూడే."

"భోజనానికి ఏంటమ్మా అన్నాడన్నావు."

ట్రూడీ ఒడిలోని బ్రెడ్ పొడి దులుపుకుంది. సూపు సంగతి అడిగితే, ఫోటో కోసం చెంచా పట్టించానంది.

"మరి నాకెందుకు చెప్పావు?" కెరిన్ గొంతు పెంచలేదు, అదే ఆమెకి ఆశ్చర్యం. "నా పిల్లకి గొట్టం వేస్తామంటున్నారని నీకు చెప్పాను కదా. ఓపిక పట్టమన్నావు."

"నువ్వు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఎంత ఏడ్చావో నీకు గుర్తులేదు. ఈ కథ చెప్పాను, ఏడుపు ఆపేశావు. అందరూ ఆపేస్తారు." ట్రూడీ కొడుకు గడ్డం మీది బ్రెడ్ తునక తుడిచింది. "వీడు మారలేదని చెబితే ఇంక నాకెవరు ఫోన్ చేస్తారు? ఆ ఫోన్లు తప్ప నాకెవరున్నారు చెప్పు."

కెరిన్‌కి చెంప పగలగొట్టాలనిపించింది. ఆ జేబుకత్తి లాక్కుని కారు చక్రాలు కోసేయాలనిపించింది. నిలువునా ముంచావే, నిన్ను దేవతలా చూసుకున్నానే, నీ కొడుకు ఫోటో నా ఇంట్లో పెట్టుకున్నానే అని అందరూ వినేలా అరవాలనిపించింది. ఏదీ చేయలేదు. డెక్లన్ రెండో ముక్క కోసం చెయ్యి చాపాడు. కెరిన్ తిరిగి నడిచింది, నీళ్ల సంగతి మర్చిపోయి.

 పొద్దు ఉండగానే ఇల్లు చేరారు. కెరిన్ డబ్బాలన్నీ చెత్త పీపాలో వేసింది, ఫ్రిజ్ మీది ఫోటో పీకి వాటి మీద పడేసింది. మనసులో తిట్టని తిట్టు లేదు. అబద్ధాలకోరు, పాపిష్టిది, కన్నతల్లి అయ్యుండి ఇంకో తల్లికి అలా ఎలా చెప్పిందీ అని పళ్లు నూరుతూనే ఆవుపాలు పొయ్యి మీద పెట్టింది. గుడ్లు, పంచదార, వెనిలా, అంతా పాత పద్ధతే. నీలం గిన్నెలో పోసి నెల్ ముందు పెట్టింది.

నెల్ వంగి వాసన చూసింది. గిన్నెని ఒక వేలితో బల్ల మధ్యకి నెట్టింది.

"ఏం కలపలేదు నెల్. ఒట్టు" అంది కెరిన్.

అన్నాక తెలిసింది ఏమందో. అదే మాట, అదే కుర్చీలో కూర్చుని, అదే గొంతుతో ఇంతకుముందూ అంది. నెల్ అప్పుడు నమ్మి మింగింది. ఇప్పుడు దిగి పెరట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం, ఇంట్లో పెంచుతున్న తల్లిలేని గొర్రెపిల్లకి పాలు పట్టే వేళ. సీసా కలిపేది కెరిన్, పట్టేది నెల్, అది ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అంతే. కానీ నెల్ ఎలా పడుతుందో కెరిన్ ఎప్పుడూ చూడలేదు. ఆ వేళప్పుడు ఆమె కళ్లు ఫోన్‌లో ఉండేవి. ఈవేళ పాలపొడీ గోరువెచ్చని నీళ్లూ కలిపి సీసా కూతురికిచ్చి, వెనకే వచ్చి కొట్టం గోడ పక్కన నిలబడింది.

గొర్రెపిల్ల తోక ఆడిస్తూ నెల్ మోకాళ్లు కుమ్ముతోంది. నెల్ సీసా ఇవ్వలేదు. పాలపీక ఊడదీసింది. వాసన చూసింది. ఒక చుక్క అరచేతిలో పోసుకుని నాలుకతో అద్దుకుంది. కళ్లు మూసుకుని ఆగింది, గొర్రెపిల్ల ఎంత అరిచినా తొందరపడలేదు. బాగానే ఉందని తేలాక పాలపీక మళ్లీ బిగించి, అప్పుడు దాని నోటికందించింది. చూస్తుంటే తెలుస్తోంది, రోజూ చేసే పనే.

గ్లెన్ గడ్డి మోపు దించి కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఎందుకమ్మా రుచి చూస్తావు?" అన్నాడు.

నెల్ గొర్రెపిల్ల మెడ నిమురుతూ, ఎటూ చూడకుండా చెప్పింది.

"అమ్మ కలిపింది."

మూడేళ్లుగా కెరిన్ ఎదురుచూసిన మొదటి వాక్యం అది. గ్లెన్ తలెత్తి భార్య వైపు చూశాడు. ఆమె గోడకి ఆనుకుని అలాగే నిలబడి ఉంది. గొర్రెపిల్ల సీసా ఖాళీ చేసేదాకా ఆమె అక్కణ్నుంచి కదల్లేదు.