గోనెపట్టా కింద కుర్చీలు

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, విడవనూ లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఒకటే మబ్బు వీధి పొడవునా వేలాడుతోంది. ఇలాంటి రోజంటే కుర్చీలాయనకు ఇష్టం. గాలిలో తేమ ఉంటే నానబెట్టిన పేము పట్టీ తొందరగా ఎండదు. లాగినకొద్దీ సాగుతుంది, పుటుక్కున తెగదు. కాని రోజు మంచిదైతే సరిపోతుందా, అల్లడానికి కుర్చీ ఉండొద్దూ? కొట్లో ఉన్నది ఒక్కటే. పక్కవీధి పళ్ళ డాక్టరమ్మది. అదీ ఇవాళ్టితో అయిపోతుంది.

అయిపోయాక సంగతి బావమరిది ముందే తేల్చిపెట్టాడు. సరుకుల గోడౌన్లో అతనికి కాస్త పలుకుబడి ఉంది. గేటు దగ్గర కాపలాకు మనిషి కావాలట.

"నెలాఖరుకి అవునో కాదో చెప్పు బావా. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగం. నీకు కుర్చీలంటే ప్రాణం కదా" అన్నాడు.

ఆ హాస్యం కుర్చీలాయనకు నేటికీ అరగలేదు. గేటుకాడికి పోవడమంటే ఇంటి ముందున్న ఈ ఒంటిగది కొట్టు మూసెయ్యడమే. ఫోన్లకు తొడుగులు అమ్మే మనిషొకడు అప్పుడే వచ్చి, అడక్కుండానే గోడలు కొలుచుకుని పోయాడు. తండ్రి కూర్చున్న చోట కూర్చుని తల నెరిసేదాకా అల్లినవాడికి, ఎవడో వచ్చి ఆ గోడలు కొలుస్తుంటే ఎలా ఉంటుంది?

"నాన్నా, కాస్త ఇటు తిరుగు. నవ్వు."

కూతురు రంగుడబ్బాల మీద ఫోను నిలబెట్టి వంగి చూస్తోంది. సాయంత్రం మందులకొట్లో ఆమె ఉద్యోగం. పగటిపూట మాత్రం తండ్రి మీద పడుతుంది.

"కుర్చీ అల్లుతూ ఎవడన్నా నవ్వుతాడుటే? పిచ్చోడనుకుంటారు."

"ముఖం అలా పెడితే కుర్చీ ఎత్తుకొచ్చావనుకుంటారు."

"పట్టీ ఎండిపోతోంది. నీ సినిమా త్వరగా తెమల్చు."

వెలుతురు చాలదంది. కుర్చీ గుమ్మం వైపు జరపమంది. జరిపి, మళ్ళీ కూర్చుని, చట్రం కన్నంలోంచి పట్టీని లాగేసరికి అది ఫట్‌మని తెగి చేతి మీద కొట్టింది.

"ఇదీ పెట్టనా?" అంది కూతురు.

"నా పీనుగునూ పెట్టు. పూర్తయ్యాక తియ్యమని ఎన్నిసార్లు చెప్పాలే? పూర్తయిందే చూపించాలి. సగంలో ఉన్నది, చిరిగింది ఎవరికీ చూపించకూడదు."

కూతురు ఫోనులో కొట్టు పేరున పేజీ మొదలుపెట్టి రెండు నెలలైంది. వారానికో వీడియో. నున్నగా మెరిసే కుర్చీ, వెనక సన్నని సంగీతం, చివర్లో కుర్చీలాయన చేతులు. జనం ఎగబడి చూశారు. ఎర్రటి గుండె గుర్తులు రాశులుగా పడ్డాయి. మొదట్లో ఆయనా మురిసిపోయాడు. కంచం ముందు కూర్చుని కూడా "ఎన్నయ్యాయే?" అని అడిగేవాడు. ఇప్పుడు ఫోను టింగుమంటే చాలు, ఒళ్ళు మండుతోంది.

"ఏమంటున్నారు?"

"ధరెంతంటున్నారు. ఒకావిడ నీలం రంగులో ఉందా అంటోంది. ఒకాయన ఆరు కావాలి, ఇంటికి పంపుతారా అంటున్నాడు."

"మేం అమ్మమని చెప్పు."

"చెప్పా నాన్నా. అమ్మనివాడివి ఎందుకు పెట్టావయ్యా, మా కడుపు మండించడానికా అంటున్నాడు."

కుర్చీలాయన తెగిన పట్టీని నీళ్ళ తొట్టిలోకి గిరాటేశాడు. "ఇంతమంది గుండెకాయలు పంపిస్తున్నారు కదా, ఒక్కడంటే ఒక్కడు విరిగిన కుర్చీ పంపడేం?"

దానికి కూతురి దగ్గర జవాబుంది. చెబితే గొడవవుతుందని ఫోనులోకి తల దూర్చింది.

గొడవ మధ్యాహ్నం కారెక్కి వచ్చింది. మొగుడూ పెళ్ళాం, వీడియోలో వెనక కనబడ్డ వీధి బోర్డు పట్టుకుని ఎక్కడో దూరాన్నించి వచ్చారు. కారు దిగీ దిగగానే ఆవిడ డాక్టరమ్మ కుర్చీ మీద చెయ్యేసి, "ఇదే! ఇలాంటివి ఆరు" అంది.

"ఇది అమ్మేది కాదమ్మా. డాక్టరమ్మది."

"పోనీ, నిన్న వీడియోలో పెట్టింది?"

"అదీ ఎవరిదో."

"మరి మీవేవి?"

"నావేం లేవు. నేను బాగుచేస్తానంతే."

ఆవిడ మొగుడు చిరాగ్గా నవ్వాడు. "బాగుచేస్తారా? ఏదీ, ఒక్క చిరిగిన కుర్చీ అయినా చూపించారా? ఇంత దూరం రప్పించి ఇదేం వరసండీ!"

కారు వెళ్ళిపోయింది. కాసేపటికి టింగుమంది. కూతురు చూసి, చూపించకుండా ఫోను బోర్లించింది. కుర్చీలాయన లాక్కుని చూశాడు. ఐదు చుక్కల్లో ఒక్కటే వెలిగి ఉంది. దాని కింద, 'దొంగ కొట్టు. సరుకు లేదు' అని.

"దొంగ కొట్టా!" అన్నాడు.

"ఆయన తప్పేముంది నాన్నా?" కూతురు ఇక ఆగలేకపోయింది. "కొత్తదానిలా మెరిసే కుర్చీ తప్ప మనమేం చూపించాం? అందరూ మనది అమ్మే కొట్టనుకుంటున్నారు. చిరిగింది చూపిస్తేనే కదా బాగుచేస్తావని తెలిసేది. ముందొకటి, తర్వాతొకటి పెడదామని మొదటి రోజునుంచీ మొత్తుకుంటున్నా."

"కుదరదు."

ఎందుకు కుదరదో ఇంట్లో అందరికీ తెలుసు. అది ఆ కొట్టు కట్టుబాటు. బాగుకు కుర్చీ వచ్చిందంటే మొట్టమొదట దాని మీద గోనెపట్టా కప్పాలి. విప్పేది గోడవైపు తిప్పాకే. చిరిగిన కుర్చీ అంటే ఒక ఇంటి లోగుట్టు. ఎవరు ఎంత బరువు దించారో, ఎవరు కోపంలో కాలితో తన్నారో, ఎన్నాళ్ళు బాగుచేయించుకోలేక తువ్వాలు పరిచి నెట్టుకొచ్చారో, ఆ గుంటను చూస్తే తెలిసిపోతుంది. "మంగలి చెవిలో పడ్డది, మన కంట పడ్డది బయటికి పోకూడదురా" అని తండ్రి చెప్పేవాడు. కుర్చీలాయన ఆ మాట ఏనాడూ జవదాటలేదు.

"నలుగురి పరువు నడివీధిలో పెట్టి నేను బతకాలా? దానికన్నా గేటుకాడ కూర్చోవడం నయం."

"అయితే కూర్చో. మావయ్యకి ఇప్పుడే ఫోను చేస్తా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు!"

"చెవిటివాణ్ణి నేనా, నీ ఫోనా? అమ్మమని వందసార్లు చెప్పినా దానికి వినపడదు!"

అప్పుడు వంటగదిలోంచి దడదడ చప్పుడైంది. భార్య ఒక కుర్చీని ఈడ్చుకుంటూ కొట్లోకి వచ్చింది. కూరలు తరిగేటప్పుడు ఆమె కూర్చునేది. సీటు మీద ఒక చెక్కపలక అడ్డంగా పడి ఉంది. ఆమె ఆ పలక తీసేసింది. కింద అల్లికన్నదే లేదు. అంచుల్లో నాలుగు పోగులు వేలాడుతున్నాయి, నడుమ నేల కనబడుతోంది.

"ఊళ్ళోవాళ్ళ పరువు మీరు కప్పండి. మామగారి మాట నేనూ కాదనను" అంది. "ఇది మన పరువు. దీన్ని వీడియో తియ్యమనండి."

కుర్చీలాయన ఆమె చేతిలోంచి పలక అందుకుని తిప్పి చూశాడు. పలక నడుమ అరిగి నున్నబడింది.

"ఎన్నాళ్ళనించి?"

"గుర్తులేదు."

"అడగొచ్చుగా?"

"పని ఉన్నన్నాళ్ళూ అడిగా. బయటివాళ్ళది ముందన్నారు. పని లేకుండా పోయాక మీ ముఖం చూసి అడగలేకపోయా."

ఆయన కత్తి తీసుకున్నాడు. పళ్ళు బిగబట్టి పాత పోగులు కోసేశాడు. కన్నాల్లో ఇరుక్కున్న ముక్కల్ని ఇనపపుల్లతో పొడిచి, ఎగిరిన దుమ్ముకు తుమ్మాడు. కూతురు ఫోను ఎప్పుడు నిలబెట్టిందో ఆయనకు తెలియదు. పట్టీలు నిలువుగా లాగి, అడ్డంగా లాగి, ఏటవాలుగా తిప్పుతున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు.

"నోరు మూసుకుని కూర్చుంటావుటే ఇన్నాళ్ళూ?"

"కుర్చీలో కూర్చోక నిలబడతారా?"

"పలక మీద! కుర్చీలల్లేవాడి పెళ్ళానివి, పలక మీద!"

"ఆ పలకే నయం. అడిగినప్పుడల్లా విసుక్కోలేదు."

నానిన పట్టీ బిగించి చెక్కమేకు దిగ్గొట్టాడు. ఆరాక ఆ సీటు తప్పెటలా మోగింది.

కూతురు ఈసారి సంగీతం పెట్టలేదు. పలక ఎత్తడం, గుంట, దుమ్ము, తుమ్ము, మొగుడూ పెళ్ళాల కీచులాట, అన్నీ ఉంచింది. పైన పెద్ద అక్షరాలతో రాసింది: 'మేం కుర్చీలు అమ్మం. మీ ఇంట్లో కూలబడ్డ కుర్చీ ఉంటే తీసుకురండి.' కింద కొట్టు ఎక్కడుందో, ఏ మలుపు తిరగాలో, ఎప్పుడు తెరిచి ఉంటుందో రాసింది. కూతురు చదివి వినిపిస్తుంటే ఆయనకే వింతగా తోచింది. రెండు నెలల్లో ఒక్క వీడియోలోనూ కొట్టు చిరునామా లేదు. ఆ వీధిలో కుర్చీలాయన ఎక్కడని అడిగినవాడు ఇంతవరకూ లేడు మరి. ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

"దీన్ని మన వీధుల గ్రూపులో పెడుతున్నా" అంది.

"లోకమంతా చూస్తుంటే నాలుగు వీధులకా?"

"లోకం కుర్చీ మోసుకుని రాదు నాన్నా. వస్తే ఆ నాలుగు వీధులవాళ్ళే రావాలి."

చూసినవాళ్ళు మునుపటివాళ్ళలో వీసమెత్తు లేరు. గుండెకాయలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మర్నాడు ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. ఇంటి గుట్టూ పోయె, పనీ రాకపోయె అని కుర్చీలాయన కూతురితో మాట్లాడ్డం మానేశాడు. డాక్టరమ్మ కుర్చీ పట్టుకుపోయింది. కొట్టు బోసిపోయింది.

నెలాఖరున, సరిగ్గా అన్నాల వేళకి బావమరిది వచ్చాడు.

"ఒక చొక్కా ఇవ్వు బావా, కొలతకి. యూనిఫాం వాళ్ళే కుట్టిస్తారు. నీకోసం ఇద్దర్ని కాదనిపించా తెలుసా? మావాడు నమ్మకస్తుడని పెద్దాయనకి మాటిచ్చా."

కుర్చీలాయన లేచి లోపలికి వెళ్ళి చొక్కా తెచ్చాడు. మడత విప్పాడు, మళ్ళీ పెట్టాడు. ఇవ్వబోతుండగా గుమ్మం చీకటైంది. వెనకవీధిలో ఉండే బస్సు డ్రైవరు, నెత్తి మీద పడక్కుర్చీతో నిలబడి రొప్పుతున్నాడు.

"భార్యని పలక మీద కూర్చోబెట్టింది మీరేనా?"

కుర్చీలాయన ముఖం కందగడ్డలా అయింది. చెయ్యి అలవాటుగా గోనెపట్టా మీదికి పోయింది.

"ఇంకా కప్పడమెందుకండీ? నడివీధిలో నెత్తిన పెట్టుకొచ్చా. మా ఆవిడ మీ వీడియో చూసి, ఆయనే తన ఇంటి కుర్చీ చూపించాడు, మనదెంత, పట్టుకెళ్ళమంది."

అతను అటు వెళ్ళాడో లేదో, దర్జీ ఆవిడ రెండు పేము పీటలతో వచ్చింది. గుంటలు చూపించి, "మీ ఇంటి కుర్చీ కన్నా నయమే లెండి" అని ఓదార్చింది. ఆమె వెనకే ఒక కుర్రాళ్ళ గది నుంచి వాలుకుర్చీ. అందరూ భార్య వైపు జాలిగా, ఆయన వైపు అదోలా చూసి మరీ వెళ్ళారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని గొణిగాడు కుర్చీలాయన. అయినా అప్పుడే వంగి, పడక్కుర్చీ చట్రం కన్నాలు వేలితో తడుముతున్నాడు.

"బావా, చొక్కా" అన్నాడు బావమరిది.

"రాలేను."

"నాలుగు కుర్చీలు చూసి ఎగిరిపడకు. ఇవయ్యాక?"

"అయ్యాక చూద్దాం."

"ఆ ఉద్యోగం అప్పటిదాకా ఆగదు."

"ఆగొద్దని చెప్పు."

"మరి నేనిచ్చిన మాట?" అన్నాడు బావమరిది. "రేపు ఆ పెద్దాయన ముందు నా ముఖం ఎక్కడ పెట్టుకోమంటావు?"

చొక్కా ఇంకా కుర్చీలాయన చేతిలోనే ఉంది. దాన్ని భుజాన వేసుకున్నాడు.

"ముందు లేచి చేతులు కడుక్కోండి. అన్నం చల్లారిపోతోంది" అంది భార్య, ఇద్దరినీ కలిపి.

నలుగురూ కూర్చున్నారు. కూతురు ఫోను కొట్లోనే వదిలేసి వచ్చింది. భార్య వడ్డించింది. బావమరిది తల ఎత్తకుండా తిన్నాడు. కుర్చీలాయన నీళ్ళ గ్లాసు అతని వైపు జరిపాడు. అతను దాన్ని ముట్టుకోలేదు. కంచం ఖాళీ అయ్యాక మాత్రం, ఎవరూ అడక్కుండానే, అక్క వైపు చాపాడు. ఆమె గరిటె నిండా పెట్టింది. మళ్ళీ అందరూ తినడంలో పడ్డారు.