చింపు ఒకరిది, కుట్టు ఒకరిది

నేను ఒక గుద్దుల సంచిని. బాక్సింగ్ నేర్చుకునేవాళ్లు రోజూ కొట్టుకునే సంచిని. ఇంగ్లీషులో నాకో మంచి పేరుంది గానీ, కొట్టినవాళ్లెవరూ పేరు పెట్టి పిలిచి కొట్టలేదు.

నన్ను కుట్టింది లారీ సీట్లు కుట్టే సత్యం. పాత టార్పాలిన్ రెండు మడతలేసి కుట్టి, కింద ఇసుక, పైన రంపపు పొట్టు, గుడ్డపీలికలు కూరాడు. ఏడాది తిరిగేసరికి ఇసుక కిందికి దిగి కాళ్లు రాయిలా బిగుసుకున్నాయి. తలలో పీలికలే మిగిలాయి. తర్వాత చాలామంది పెద్దమనుషుల్ని చూశాక ఇది నా ఒక్కదాని రోగం కాదని తెలిసింది.

భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఒక రేకుల షెడ్డు. దాని దూలానికి నన్ను గొలుసుతో వేలాడదీసినవాడు పైడయ్య మాస్టారు. మాట తక్కువ మనిషి. గోడమీద బొగ్గుతో ఒకే నియమం రాశాడు: చించినవాడే కుట్టాలి. సంచి చిరిగేంత గుద్దు గుద్దినవాడికి గర్వం ఎక్కుతుందట. గంటసేపు సూది పట్టుకు కూర్చుంటే దిగుతుందట.

ఆ షెడ్డులోంచి ఇద్దరు ఛాంపియన్లు వచ్చారు. బొడ్డేపల్లి తవిటినాయుడు డెబ్బై అయిదు కిలోలవాడు. ఆడింది అయిదేళ్లే. ఇరవై రెండు పోటీల్లో పంతొమ్మిదింట ఎదుటివాడు పడి లేవలేదు. జాతీయ కప్పు ఒకటి తెచ్చాడు. మైలపల్లి ఎల్లాజీ జాలరి, అరవై కిలోలు. పద్నాలుగేళ్లు ఆడాడు. ఎవరినీ పడగొట్టలేదు, ఎవరి చేతా పడలేదు. వల్లోంచి చేపలు ఏరినట్టు పాయింట్లు ఏరుకునేవాడు. రాష్ట్రం కప్పులు ఆరు. అతని పోటీలకి వచ్చినవాళ్లు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆవలించేవారు.

నాకు తెలిసిన తేడా ఇంకొకటి. నాయుడు కొడితే గొలుసు మోగేది. ఎల్లాజీ కొడితే ఎక్కడ కొట్టాడో మర్నాటికి గానీ తెలిసేది కాదు.

అరవై కిలోలవాణ్ణీ డెబ్బై అయిదు కిలోలవాణ్ణీ ఒకే బరిలోకి దింపరు. టీకొట్టు కబుర్లలో మాత్రం దింపుతారు. ముప్పై ఏళ్లుగా వాళ్లిద్దరూ అక్కడ రోజూ కొట్టుకుంటున్నారు. పొద్దున నాయుడు గెలుస్తాడు, సాయంత్రం ఎల్లాజీ. టీ గ్లాసు వేడికి ఓర్వలేక తువ్వాలు చుట్టి పట్టుకునేవాళ్లు కూడా నాయుడి కుడిచేతిలో లోపాలు చెబుతారు.

మాస్టారు పోయారు. షెడ్డు పోయి పక్కా హాలు వచ్చింది. ఇద్దరిలో ఘనుడెవరో తేల్చి దానికి ఆ పేరు పెట్టడానికి ఒక కమిటీ వచ్చింది. అధ్యక్షుడు జగ్గారావు, కార్యదర్శి రిటైరైన సర్వేయరు లింగమూర్తి. ఇద్దరూ బాక్సింగ్ ఎరిగినవారు కాదు, అందుకే నిష్పక్షపాతంగా ఉంటారని అందరూ ఒప్పుకున్నారు.

ఆ పేరు ఎవరికి కావాలో నాకు తెలుసు. నాయుడికి ఇప్పుడు చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. నిన్నటిది ఇవాళ గుర్తుండదు. భార్య వరహాలమ్మ కమిటీ దగ్గరికి మూడుసార్లు వచ్చింది. బోర్డు మీద ఆయన పేరు ఒక్కసారి ఆయనకి చూపించాలని, అది తన పేరేనని పోల్చుకునే తెలివి ఉండగానే చూపించాలని, అంతకన్నా ఏమీ అడగలేదు. పరిశీలిస్తామన్నారు.

రికార్డు పుస్తకాలు తుపాను పట్టుకుపోయింది. మిగిలిన సాక్ష్యం నేనే. లింగమూర్తి గారికి మాస్టారి నియమం గుర్తొచ్చింది. చించినవాడే కుట్టాలి గనక, ఎవడి కుట్లు ఎక్కువుంటే వాడి గుద్దు గట్టిది. హాలు ముందు జనం మధ్య నన్ను బల్లమీద పడుకోబెట్టి, పొలం కొలిచినట్టు టేపుతో కొలిచారు. చిరుగులు పంతొమ్మిది. పదిహేడింటికి నీలం వలదారం, జాలరి ముడి. మిగతా రెండు కుట్లే నాయుడివి. తేలిపోయింది. ఎల్లాజీయే ఘనుడని ప్రకటించారు. అతను ఎవరినీ పడగొట్టలేదన్న సంగతి చప్పట్లలో కొట్టుకుపోయింది.

వరహాలమ్మ భర్త చెయ్యి పట్టుకుని లేచింది. ఏమైందని అడిగాడు నాయుడు. ఎండెక్కుతోంది, ఇంటికి పోదామంది.

అప్పుడు ఎల్లాజీ లేచాడు. కమిటీ ఇచ్చిన దండ చేతిలోనే ఉంది.

"కుట్లు నావే. సింపింది నాయుడన్న," అన్నాడు.

లింగమూర్తి గారు టేపు చుట్టడం ఆపారు. నియమం ఉండగా అదెలా కుదిరిందని అడిగారు.

"అన్న సూదిలో దారం ఎక్కించలేకపోయేవోడు. అప్పుడే సెయ్యి వణికీది. మాస్టారికి సెప్పకురా, ఆట ఆపించేస్తారన్నాడు. సెప్పలేదు. ఆ పైన రెండేళ్లు ఆడినాడు. నేను సెప్పుంటే ఈయాల ఈ సేతులు ఇలాగుండవు."

అతను చెప్పింది కమిటీకి కాదు, వరహాలమ్మకి. ఆమె భర్త చెయ్యి వదలకుండానే అతనివైపు తిరిగింది.

"ఆ రెండేళ్లూ ఆయన సొక్కా బొత్తాలు నానే పెట్టీదాన్ని, ఎల్లాజీ. నాను మాత్రం ఎవులికి సెప్పినాను?"

ఇంతమంది గుద్దులు తిన్నాను. ఆ మాట మాత్రం ఎక్కడ తగిలిందో ఇప్పటికీ చెప్పలేను.

కమిటీ లోపలికెళ్లి తలుపేసుకుంది. గంట తర్వాత తీర్పు చెప్పింది. ఒకరు చించి కుట్టలేదు, ఒకరు చించకుండా కుట్టారు. ఇద్దరూ నియమం తప్పారు గనక ఇద్దరి ఘనతా వివాదంలో ఉంది. వివాదం లేని పేరు కావాలి. హాలుకి జగ్గారావు గారి తండ్రి పేరు పెట్టారు. ఆయన షెడ్డుకి ఒకప్పుడు ఫ్యాను ఇచ్చాడు. అది తిరగగా నేను చూడలేదు.

సాక్ష్యం అక్కర్లేకపోయాక నన్ను గోడపక్కన పారేశారు. ఎల్లాజీ రిక్షాబండి తెచ్చి ఒడ్డునున్న తన వలల పాకకి తీసుకెళ్లి వేలాడదీశాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వరహాలమ్మ నాయుణ్ణి తీసుకొస్తుంది. వాళ్లు రాకముందు ఎల్లాజీ నా కుట్లలో ఒకటి చూసుకుని గోటితో వదులు చేస్తాడు. వెనక నుంచి నన్ను రెండు చేతులా పట్టుకుంటాడు. నాయుడు వణికే కుడిచెయ్యి ఎత్తి కొడతాడు. ఆ దెబ్బకి చీమ కూడా కదలదు. కుట్టు విడుతుంది, రంపపు పొట్టు జలజల రాలుతుంది.

"సింపేసినావన్నా మళ్లీ," అంటాడు ఎల్లాజీ విసుగు నటిస్తూ.

నాయుడు తన పిడికిలి చూసుకుంటాడు. తన పేరు గుర్తులేని రోజున కూడా దాన్ని గుర్తుపడతాడు.

"కుట్టురా, మాస్టారొచ్చేలోపు," అంటాడు.

ఎల్లాజీ నీలం దారం తీస్తాడు. అతనికీ చూపు ఆనడం లేదు. సూదిలోకి ఎక్కించేది వరహాలమ్మే.