కాత్యాయని బిందె

ఆషాఢమేఘమాలికాశ్యామలమగు సాయంకాలము. భీమునిపట్టణపు తీరమున నుత్తుంగతరంగములు ఫేనహాసము వెదచల్లుచు వచ్చి యిసుకపై దొర్లిపడి వెనుదిరుగుచుండెను. చిత్తడిగాలికి వీథిదీపములు మిణుకుమిణుకుమనుచుండ మనుష్యు లెవరి గూటికి వారు త్వరపడి పోవుచుండిరి. త్వరపడుటకు గారణ మేమియు లేని ఓలేటి సుందరశివుడు దీపస్తంభమునకు వెనుకనున్న తన యద్దెయింటి వసారాలో గూర్చుండి లోపలి సందడిని వినుచుండెను. రేవుకచేరీలో చిరకాలము గుమాస్తాగా నుండి విరమించిన యాతని యింట భార్య కాత్యాయని పెద్దకర్మ ముగిసిన పిమ్మట మనుష్యుల మాట వినవచ్చుట యదియే మొదలు. వచ్చినవారు చుట్టములు కారు. చుట్టములు పెద్దకర్మనాడు పప్పులో నుప్పు తగ్గినదని చెప్పి పోయి మఱల నాగడప త్రొక్కలేదు.

యజమాని యిల్లు పడగొట్టించుచుండుటచే శివు డొంటిగదికి మారవలసివచ్చెను. ముప్పదేండ్ల సంసార మొంటిగదిలో బట్టదు గదా. అందులకై యాతడు లఘుభార మను సంస్థవారిని పిలిపించెను. దానిని నడుపు రుక్మాంగదరావు మునుపు లారీలలో నితరుల సామానులు మోయించి మోయించి విసిగినవాడు. ఒకని యింట త్రోవకడ్డమై పడియున్న వస్తువే మఱియొకని యింట లేక కుములుటకు గారణమగుచున్నదని కనులార జూచి యీ వ్యాపారము పెట్టెను. కలిగినవారి యిండ్లు తేలిక చేసి కూలి పుచ్చుకొనును. మిగిలిన సామాను నంగడికి దోలక యిల్లు గాలినవారికిని వరదపాలైనవారికిని జేర్చును. ఆ సంస్థలో నొక కట్టుబాటు కలదు. గిన్నె కొన్నంతనే పేరు చెక్కించుట మన యిండ్లలో నాచారము. ఆ పేరు నాకురాతితో రాచి నున్నగా మెఱుగుపెట్టిన గాని యే పాత్రయు గడప దాటరాదు.

శివుడు లేచి లోపలికి బోయి యిట్లనియె. "రావుగారూ, అన్నియు గొనిపొండు. పేరు మాత్రము చెఱిపింపకుడు. మాకు సంతానము లేదు. ఆమె పేరు పెట్టుకొన మనుమరాలును లేదు. ఎవరో యొకరు బిందె తోముకొనునపుడైన ఆమె పేరు కంటబడునని యాశ."

"మీ దుఃఖ మెఱుగనివాడను గాను. కాని పుచ్చుకొనువారి సంగతియు జూడవలయును. తన యింట దాను నీళ్లు త్రాగుచు నిది ఫలానావారు వదలించుకొన్న గిన్నె యని రోజును జదువుకొనవలయునా? ఇచ్చితిమన్న మాట మనకు దీపి. పుచ్చుకొంటిమన్న మాట వారికి గొంతు కడ్డము."

శివుడు పెరటి గుమ్మముకడకు బోయి నిలిచెను.

రావు సామాను తోలించుటకై వెలుపలికి బోయెను. పెరటిలో సింహాద్రమ్మ యను సంస్థ పనిమనిషి పాత్రలు ముందర బెట్టుకొని రాయుచుండెను. ఆకురాయి కదలినప్పుడెల్ల గుమ్మమున నిలిచిన శివుని మొగము ముడుచుకొనుచుండెను. తపేలాలు పోయెను. పళ్లెములు పోయెను. ఇత్తడిబిందె చేత బట్టి యామె తలయెత్తి చూచి యాకురాయి క్రింద బెట్టెను.

"బాబుగారూ, ఎదురుగా నిలిచి పండ్లు పీకించుకొనువానివలె నట్లు చూడకుడు. ఈ యొక్కదానిని విడిచెదను. చిలుములో గనబడలేదందును. రావుగారి చెవిని వేసితిరా నా పొట్ట గొట్టినవారగుదురు."

"వేయను తల్లీ. అది యెవరింటికి బోవును?"

"ఇండ్లు గాలిన జాలరిపేటకు. నూకరత్నమని క్రొత్తకాపురపు పిల్ల."

ఒంటిగదిలో శివునికి బలుకరించువారు లేరు. ప్రక్కగదివాడు తలుపు తాళము వేయుచు దల యాడించును. అదియే దినమునకు సరిపడు మాట. అయినను సముద్రపు టొడ్డున నొక పూరియింట నామె పేరు తెల్లవాఱినది మొదలు తళతళలాడుచుండునను తలపుతో నాతడు వండుకొనుచు దినుచు బండుకొనుచు నుండెను. కొన్నాళ్లకా తలపు చాలక యొకసారి కంట జూచి వత్తునని యుదయమున గొడుగు చంకబెట్టుకొని జాలరిపేటకు బోయెను.

కొళాయి మలుపు తిరుగకమున్నే యాతని చెవి నొక పిలుపు బడెను. "కాత్యాయనమ్మగారూ." ఆ పేరు పైకి బలుకగా విని యెంతకాలమైనదో. శివుడు గోడ పట్టుకొని నిలిచెను.

"కాత్యాయనమ్మగారు వేంచేసినారు. త్రోవ విడువుడే."

"మన చేయి తగిలిన మడి చెడును కాబోలు."

"ఆ నీళ్లతో జేపలకూర వండకుమే, చేపకు జందెము మొలచును."

ఆడువారు విరగబడి నవ్విరి. నడుమ ననతిదీర్ఘకృశాంగియగు నొక పడుచు బిందె చంక నిఱికించుకొని తల వంచుకొని నిలిచియుండెను. తెల్లనిపంచెతో వచ్చిన మనిషిని జూచి యామె చరచర నెదురువచ్చెను.

"బిందెలిచ్చిన కంపెనీవారు మీరే కదా? అందఱికి నున్ననివి యిచ్చి నాదానిపై నీ వ్రాత లేల యుంచితిరి? రేవునకు బోయిన గాత్యాయని, కొళాయికడకు వచ్చిన గాత్యాయని. కట్టుకొన్నవాడును నవ్వుటకు నట్లే పిలుచుచున్నాడు. నాకును నొక పేరున్నది బాబూ. ఇల్లు గాలినప్పుడు నాకు మిగిలిన దదియొక్కటే."

ఆ పేరెవరిదో చెప్పుటకు శివుని పెదవులు కదలెను. చెప్పినచో నామె జాలిపడి యూరకుండును. బిందెపై బే రుండిపోవును. ఆ పిల్ల బ్రదుకెల్ల నట్లే పిలువబడును. ఇది యంతయు నొక్క క్షణమున నాతనికి దోచెను.

"పొరపాటు జరిగినది తల్లీ. ఆకురాయి యున్నచో దెమ్ము."

గాలములు సానబట్టు నాకురాయి తెచ్చి యామె యిచ్చెను. శివుడు కొళాయి గట్టుపై గూర్చుండి బిందె నొడిలో బెట్టుకొని చివరి యక్షరము మొదలుకొని రాయనారంభించెను.

"ముసలాయనా, బిడ్డను నిమురునట్లు నిమిరిన బోవునా? గట్టిగా రాయుము." అనియె నొకతె. ఆతడు గట్టిగా రాచెను. నవ్వు లణగెను. రాపిడి చప్పు డొక్కటే వినవచ్చుచుండెను. మొదటి యక్షర మొక్కటి మిగిలినపు డాతని చేయి కొంచె మాగి మఱల గదలెను.

నూకరత్నము నున్ననైన చోట వ్రేలితో దడవి చూచి "ఇది యెవరి పేరు బాబూ?" యనెను.

"ఎవరిదో తల్లీ. ఇప్పుడు లేరు."

ఆమె బిందె నింపుకొని పోయెను. "ఓసి రత్నమా, నీ పమిట తడియుచున్నదే" యని వెనుకనుండి యెవరో పిలిచిరి. ఆమె తిరిగి చూచి నవ్వెను.

తన తలపు నొకరి నెత్తి కెత్తి దానమను పేరు పెట్టువారు లోకమున బెక్కుమంది. దానిని తన చేతులతోనే దించువారు తక్కువ. శివు డిత్తడిపొడి యంటిన యఱచేయి మూసికొని తీరమువెంట దిరిగి నడచెను. చినుకులు మొదలైనను గొడుగు విప్పలేదు. విప్పవలెనన్న బిడికిలి తెఱవవలసియుండును.