గడి ముందు చెప్పులు

జనగామ పాతబస్తీలో దొర గడి గోడ ఎంత మందమంటే, లోపల దొర తుమ్మితే బయటి జీతగాడికి మర్నాడు వినబడేదట. లోపల జీతగాడు ఏడిస్తే మాత్రం ఎవరికీ ఎన్నడూ వినబడలేదు. గోడకు అంత తెలివి.

ఆ గోడ ముందు ఒక పొద్దున జేసీబీ వచ్చి నిలబడింది. దొర మనవడు రంజిత్ కారు దిగి, వాకిట్లో ఉన్న నల్లబండను చూపించాడు.

"ముందుగాల గా బండ పలగ్గొట్టుండ్రి. ముక్కలు చెరువుల పారెయ్యిండ్రి. గోడల సంగతి తర్వాత."

గడి చోట ఫంక్షన్ హాలు వస్తుందట. దానికి 'దానశీలి' తాత పేరు. ఫ్లెక్సీ అప్పటికే కట్టేశారు.

ఎదురుగా మిర్చి బజ్జీల బండి దగ్గర సత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ బండ బరువు ఆమె నాయిన వీపుకు తెలుసు. వెట్టికి రానన్నాడని దొర ఆయన్ని ఎండలో వంగబెట్టి, పొద్దుగూకేదాకా దాన్ని వీపు మీద పెట్టించాడు. ఆయన మళ్లీ నిటారుగా నిలబడలేదు. పాడె మీద కూడా వంకరగానే పోయాడు. ఆ సంగతికి మిగిలిన సాక్ష్యం ఆ బండ ఒక్కటే.

సత్తమ్మ పొయ్యి ఆర్పి మార్కెట్టుకు ఉరికింది. హమాలీ సంఘం పిలగాడు ప్రశాంత్ ఆమె మాట విని నవ్వాడు.

"గడి కూలుతాంటే డప్పు కొట్టాలె గని, అడ్డం పోవుడేందవ్వా?"

"మనం కూలగొడితె నేను గూడ ఎగురుత బిడ్డా. వాడెందుకు కూలగొడుతాండు? దొంగ తన అడుగుల జాడ తనే ఊడ్సుకుంటాంటే, వాకిలి మంచిగున్నదని మెచ్చుకుంటవా? రేపు నీ పెండ్లి గా హాల్లనే అయితది. మా నాయిన వీపు ఇరగ్గొట్టినోడు దానశీలి అని కార్డు మీద అచ్చేసి, నువ్వే ఇంటింటికి పంచుతవు."

ప్రశాంత్ నవ్వు ఆగిపోయింది. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "లేవుండ్రి" అన్నాడు. మార్కెట్టుకు మార్కెట్టే లేచింది.

గడి ముందుకు రాగానే ఒక వింత జరిగింది. ముందు నడుస్తున్న ముసలివాళ్లంతా వంగి చెప్పులు విడిచి చేతుల్లో పట్టుకున్నారు. ఎవరూ చెప్పలేదు. గడి ముందు చెప్పులతో నడవొద్దన్న దొర ఎప్పుడో చచ్చాడు గాని, ఆ కబురు వాళ్ల కాళ్లకు ఇంకా అందలేదు.

రంజిత్ బందోబస్తుకు వ్యానుతో వచ్చిన ఎస్సై వైపు తిరిగి పకపక నవ్వాడు. "చూసిన్రా ఎస్సై సాబ్, మా ఇంటికి ఇంక గంత మర్యాద ఉన్నది."

సత్తమ్మ తన చేతిలోకి చూసుకుంది. అందులోనూ చెప్పులున్నాయి. వాటిని దబ్బున నేలకేసి, తొడుక్కుని, టపటపా నడిచి పోయి బండ మీద కూర్చుంది. ఆ చప్పుడు పెంబర్తి దాకా వినబడిందని ఇప్పటికీ చెప్తారు.

"బండి తోలు" అన్నాడు రంజిత్.

జేసీబీ డ్రైవర్ తుల్సీరాం తాళం తీసి జేబులో వేసుకున్నాడు. "మా తండోల్లను గూడ గీ బండ కిందనే పెట్టిన్రంట సార్. అవ్వ ఉండంగ నేను తోల."

శంకుస్థాపనకు పెద్దమనిషి వచ్చే వేళవుతోంది. రంజిత్ గొంతు మెత్తబడింది. "అమ్మా, జర మాట్లాడుకుందాం."

"మాట్లాడుదాం. బూట్లిడిసి చేతుల పట్టుకొని రా. గిది గడి."

రంజిత్ ఎస్సై వైపు చూశాడు. ఎస్సై ఆకాశం వైపు చూశాడు. రంజిత్ వంగి లేసులు విప్పాడు. పెనంలా కాలుతున్న వాకిట్లో ఎగిరెగిరి అడుగులేస్తూ సత్తమ్మ దగ్గరికి వచ్చాడు. గుంపులో ఎవరూ నవ్వలేదు. కళ్లార్పకుండా చూశారు.

"వచ్చినవా" అంది సత్తమ్మ. "ఇగ వంగు. బండ పెట్టంలే. పొద్దుగూకేదాంక ఊకె వంగి ఉండు. మా నాయినకు ఏం కనవడ్డదో నీకు గూడ కనవడాలె."

రంజిత్ మొహం కందిపోయింది. "ఈమెను ఎత్తి వ్యానుల ఎయ్యిండ్రి!"

సత్తమ్మ చెప్పులతోనే వ్యానెక్కింది. ఖాళీ అయిన బండ మీద ప్రశాంత్ కూర్చున్నాడు. అతన్ని ఎత్తుకుపోతే తుల్సీరాం కూర్చున్నాడు. అతని వెనక మార్కెట్టంతా వరస కట్టి ఉంది, అందరి కాళ్లకూ చెప్పులతో. జనగామలో అన్ని వ్యాన్లు లేవు.

రంజిత్ వాకిట్లో ఒంటరిగా నిలబడ్డాడు. బూట్లు ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి.